42 డిగ్రీల గదిలో ఆరు ఫ్యాన్లు: వేగం ఎలా సర్దుకోవాలి

కంప్యూటర్ ఫ్యాన్లు ఏ వేడికి ఎంత వేగంతో తిరగాలో చెప్పే గీతని ఫ్యాన్ కర్వ్ అంటారు. యూట్యూబ్‌లో ఎవరో చూపించిన ఫ్యాన్ కర్వ్‌ని ఉన్నదున్నట్టు దించుకుంటే కర్నూలు, అనంతపురం, కడపల్లో అది నడవదు. అది ఏసీ గదిలో, 22 డిగ్రీల దగ్గర గీసిన కర్వ్. మన దగ్గర మే నెలలో పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. గదిలో 38 డిగ్రీలుంటే ప్రాసెసర్ ఏ పనీ లేకుండానే 50 దాటి కూర్చుంటుంది. 50 దాటితే 60 శాతం వేగం అని ఆ కర్వ్‌లో ఉంది కాబట్టి, మీరు తెరిచింది ఒక్క వర్డ్ ఫైలే అయినా ఆరు ఫ్యాన్లూ పిండి మిషన్ మాదిరి మోగుతాయి.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు, గదిలో ఉన్న గాలినే తోస్తుంది. అందుకని అసలు లెక్క గదికీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్న తేడాలో ఉంది. ఒకే పని, ఒకే ఫ్యాన్ వేగం పెట్టి చూస్తే, 24 డిగ్రీల గదిలో 66 చూపించిన ప్రాసెసర్ 42 డిగ్రీల గదిలో సుమారు 84 చూపిస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా వైర్ల పని, ఓపిక పని.

కావలసినవి: స్టార్ స్క్రూడ్రైవర్, గది వేడి చూపే చిన్న డిజిటల్ థర్మామీటర్, ఒక కాగితం, పెన్ను, ఒక అగరుబత్తి. అగరుబత్తి ఎందుకో తర్వాత చెబుతాం.

మూత తీసి లెక్క చూడండి

కరెంటు తీసేసి క్యాబినెట్ పక్క మూత విప్పండి. ప్రతి ఫ్యాన్ వైరు చివర ఎన్ని రంధ్రాలున్నాయో చూడండి. మూడైతే: ఒకటి గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు, మూడోది ఫ్యాన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో మదర్‌బోర్డుకి చెప్పే తీగ. ఈ రకం వేగం తగ్గాలంటే వోల్టేజీనే తగ్గించాలి. దీన్ని డీసీ మోడ్ అంటారు. నాలుగైతే, నాలుగో తీగ మీద పీడబ్ల్యూఎం సంకేతం వస్తుంది. 12 వోల్టులు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి, ఈ నాలుగో తీగ సెకనుకు సుమారు 25,000 సార్లు ఆన్, ఆఫ్ అవుతూ వేగాన్ని నిర్ణయిస్తుంది. మనిషి చెవి సుమారు 20,000 వరకే వింటుంది కాబట్టి దాని పైన పెట్టారు. లేకుంటే మోటారు కూత వినాల్సి వచ్చేది.

మోలెక్స్ అనే నాలుగు రంధ్రాల పెద్ద ప్లగ్గుతో నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కి (కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా) తగిలించిన ఫ్యాన్లు కనబడితే వాటి వేగం మదర్‌బోర్డు చేతిలో లేదు. అవి ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. అలాగే చవక క్యాబినెట్లతో వచ్చే ఆరు పిన్నుల ఫ్యాన్లు వాటి సొంత హబ్బుకి (చాలా ఫ్యాన్లని ఒకేచోట తగిలించే చిన్న పెట్టె), సొంత రిమోటుకే లొంగుతాయి. వీటితో కుస్తీ పట్టడం దండగ. మార్చేయడమే మేలు. కొనేటప్పుడు బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, సికింద్రాబాద్ సీటీసీకో వెళ్లేవాళ్లు కావలసినవన్నీ ఒకే మోడల్, ఒకేసారి తీసుకోండి. డబ్బా మీద పీడబ్ల్యూఎం అని రాసి ఉండాలి. రంగురంగుల లైట్లను చూసి పిన్నుల సంగతి మరిచిపోయి వచ్చేవాళ్లే ఎక్కువ.

లైట్ల వైరు వేరు, ఫ్యాన్ వైరు వేరు అన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. ఏఆర్‌జీబీ అనే మూడు పిన్నుల లైటు ప్లగ్గు 5 వోల్టులది. ఆర్‌జీబీ అనే నాలుగు పిన్నులది 12 వోల్టులది. 5 వోల్టుల దాన్ని బలవంతంగా 12లో దూర్చితే లైట్లు అక్కడికక్కడే మాడిపోతాయి.

తర్వాత మదర్‌బోర్డు మీద హెడర్లు, అంటే ఫ్యాన్ ప్లగ్గులు తగిలించే పిన్నుల వరసలు, లెక్కపెట్టండి. పక్కనే చిన్న అక్షరాల్లో సీపీయూ ఫ్యాన్, సిస్ ఫ్యాన్ 1, చా ఫ్యాన్ 2, పంప్ అని ఉంటాయి. చాలా బోర్డుల్లో ఒక్కో మామూలు హెడర్ 1 ఆంపియర్ వరకే ఇస్తుంది. పంప్ హెడర్ 2 లేదా 3 ఇస్తుంది. మీ బోర్డు ఎంతో మాన్యువల్లో ఉంటుంది, చూసుకోండి.

జట్లు కట్టడం

ఆరు ఫ్యాన్లకి ఆరు కర్వులు వద్దు. ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్ ఒక్కటే ఒక జట్టు. ముందు నుంచి గాలి లాక్కునే మూడూ ఒక జట్టు. వెనకా పైనా గాలి బయటికి తోసేవి ఇంకో జట్టు. మూడు హెడర్లు, మూడు కర్వులు. దీనికి మించి చేసినా ఒరిగేది ఏమీ లేదు.

ఫ్యాన్ వెనక స్టిక్కర్ మీద 12 వోల్టులు, 0.15 ఆంపియర్ అని ఉంటే మూడు కలిపి 0.45. ఒకే హెడర్ మీద స్ప్లిటర్‌తో (ఒక ప్లగ్గుని చాలా పాయలుగా చీల్చే వైరు) హాయిగా నడుస్తాయి. స్టిక్కర్ మీద 0.3 ఉంటే మూడుకి 0.9 అవుతుంది. కాగితం మీద సరిపోయినట్టే ఉన్నా, కదిలే క్షణంలో ఫ్యాన్ ఇంకా ఎక్కువ లాగుతుంది. అప్పుడు స్ప్లిటర్ వద్దు, సాటా ప్లగ్గుతో ఎస్‌ఎంపీఎస్ నుంచి కరెంటు తీసుకునే హబ్ పెట్టండి. హబ్బుకి బోర్డు నుంచి సంకేతం మాత్రమే వస్తుంది, కరెంటు భారం బోర్డు మీద పడదు.

ఒకే స్ప్లిటర్ మీద మూడు పిన్నులవీ నాలుగు పిన్నులవీ కలపకండి. హెడర్‌ని పీడబ్ల్యూఎంలో పెడితే మూడు పిన్నుల ఫ్యాన్‌కి ఆ సంకేతం అందే తీగే లేదు, అది నిండు వేగంతో పోతుంది. డీసీలో పెడితే నాలుగు పిన్నుల ఫ్యాన్‌కి తక్కువ వేగంలో లోపలి సర్క్యూట్‌కి కావలసిన వోల్టేజీ చాలక తడబడొచ్చు, కొన్ని టిక్కుటిక్కుమంటాయి. పీడబ్ల్యూఎం హబ్బులు చాలావాటితో కూడా మూడు పిన్నుల ఫ్యాన్ల గతి ఇదే.

మంచి స్ప్లిటర్‌లో ఒక పాయకే నాలుగు తీగలుంటాయి, మిగతా వాటికి మూడే. అది లోపం కాదు. చుట్ల లెక్క చెప్పే తీగ ఒక్క ఫ్యాన్ నుంచే బోర్డుకి వెళ్లాలి. రెండు ఫ్యాన్ల లెక్కా ఒకే తీగ మీద పడితే బోర్డు 2,400 అనో 3,100 అనో పొంతన లేని అంకె చూపిస్తుంది. నాలుగు తీగలున్న పాయలో తప్పకుండా ఒక ఫ్యాన్ పెట్టండి. లేకుంటే అన్నీ తిరుగుతున్నా తెరమీద సున్నా కనబడుతుంది.

ఫ్యాన్ ఎటు ఊదుతుందో కూడా ఇప్పుడే చూడండి. రెక్కలు నిండుగా కనబడే వైపు నుంచి లాగి, అడ్డ పుల్లలూ స్టిక్కరూ ఉన్న వైపుకి తోస్తుంది.

ఒక్కో ఫ్యాన్ ఎక్కడ ఆగుతుందో కనుక్కోండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే, తర్వాత వచ్చే తిప్పలన్నిటికీ మూలం కూడా ఇదే.

కంప్యూటర్ ఆన్ చేస్తూ డిలీట్ కీ కొడితే బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) తెరుచుకుంటుంది. ఆసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్‌ఐలో హార్డ్‌వేర్ మానిటర్, ఎస్‌రాక్‌లో ఫ్యాన్-టాస్టిక్ ట్యూనింగ్ అన్న పేర్లతో ఉంటుంది. ముందు ప్రతి హెడర్ మోడ్‌ని ఆటో నుంచి తప్పించి, నాలుగు పిన్నులకి పీడబ్ల్యూఎం, మూడు పిన్నులకి డీసీ అని మీరే పెట్టండి. ఆటో ఒక్కోసారి పొరబడుతుంది, ముఖ్యంగా మధ్యలో హబ్ ఉంటే.

ఇప్పుడు ఒక జట్టుని 100 శాతంలో పెట్టి ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) రాసుకోండి. 5 శాతం తగ్గించండి, అర నిమిషం ఆగండి, రాసుకోండి. అలా దిగుతూ పోతే ఒకచోట ఫ్యాన్ ఆగిపోతుంది, లేదా ఇక తగ్గనని అక్కడే నిలబడుతుంది. అది ఆగే చోటు. తర్వాత సున్నా నుంచి పైకి ఎక్కిస్తూ, నిశ్చలంగా ఉన్న ఫ్యాన్ ఎక్కడ కదులుతుందో చూడండి. ఈ రెండూ ఒకటి కావు. తిరుగుతున్న ఫ్యాన్ 20 శాతంలోనూ తిరుగుతూ ఉండొచ్చు, ఆగిన ఫ్యాన్‌ని లేపడానికి 25 కావాలి. చెయ్యి తోడు లేకుండా కదిలిన అంకెకి ఇంకో 5 కలిపి, కర్వ్‌లో అంతకంటే కింద ఎక్కడా పెట్టకండి. బేరింగు ముసలిదయ్యే కొద్దీ లేచే అంకె పెరుగుతుంది, అందుకే ఆ 5.

ఒకే జట్టులో మూడు ఫ్యాన్లుంటే మూడూ తిరుగుతున్నాయా అని కంటితో చూడండి. తెరమీద కనిపించే అంకె ఒక్క ఫ్యాన్‌దే.

వేడి కొలవడం

విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వేగం అంకెలు చూపే ప్రోగ్రాం) తెరిచి పెట్టుకోండి. థర్మామీటర్‌ని క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే చోట ఉంచండి. ఏమీ తెరవకుండా 15 నిమిషాలు వదిలి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు అంకెలు రాసుకోండి. తర్వాత మీరు రోజూ చేసే బరువైన పని, అది ఫ్లెక్స్ డిజైన్ ఎక్స్‌పోర్టు కావచ్చు, పెళ్లి వీడియో రెండరింగు కావచ్చు, ఆట కావచ్చు, అరగంట నడిపి మళ్లీ రాసుకోండి. అరగంట ఎందుకంటే క్యాబినెట్ లోపలి గాలి కాగడానికి అంత సేపు పడుతుంది. ఐదు నిమిషాల పరీక్షలో అంతా బాగున్నట్టే ఉంటుంది.

కొలవాల్సింది మధ్యాహ్నం మూడింటికి, తెల్లవారుజామున కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, కర్వ్ గీయడానికి అదే సరైన అదను. చలికాలంలో చేస్తున్నారా? తేడా రాసుకోండి. గదిలో 25, పనిలో ప్రాసెసర్ 70 ఉంటే తేడా 45. దానికి 42 కలిపితే 87. వేడెక్కిన చిప్ కాస్త ఎక్కువ కరెంటు తాగుతుంది కనుక ఇంకో రెండు డిగ్రీలు కలిపి 89 అనుకోండి. మే నెలలో మీరు చూడబోయే అంకె అది. ఇంటెల్ 12వ తరం ఐ5-12400కి హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95, రైజెన్ 7 5800ఎక్స్‌కి 90. హద్దు తాకితే ప్రాసెసర్ పాడైపోదు, వేగం తగ్గించుకుని తనను తాను కాపాడుకుంటుంది. రెండరింగు గంట పట్టేది గంటన్నర పట్టొచ్చు, అంతే తేడా.

కర్వ్ గీయడం

40 డిగ్రీల గదికి, మామూలు టవర్ కూలర్‌కి ఇలా మొదలుపెట్టండి:

55 డిగ్రీల వరకు: మీ కనీస వేగం, సాధారణంగా 30 శాతం
65 దగ్గర: 45 శాతం
75 దగ్గర: 65 శాతం
82 దగ్గర: 85 శాతం
88 దగ్గర: 100 శాతం

5800ఎక్స్ లాంటి 90 డిగ్రీల హద్దు వాటికి చివరి రెండు అంకెల్నీ నాలుగేసి డిగ్రీలు కిందికి దించండి.

ఇక్కడ ఒక మాట. ఎండాకాలానికి గీసిన కర్వ్ చలికాలంలో కూడా పనికొస్తుంది. డిసెంబరులో మామూలు పనికి ప్రాసెసర్ 60 దాటదు, ఫ్యాన్లు కింది మెట్టులోనే మెల్లగా తిరుగుతుంటాయి, అంతకంటే ఏం కావాలి? తిరగేసి చేస్తేనే తంటా.

క్యాబినెట్ ఫ్యాన్లని మాత్రం ప్రాసెసర్ వేడికి కట్టేయకండి. ఒక బ్రౌజర్ ట్యాబ్ తెరిస్తే చాలు, ప్రాసెసర్ క్షణంలో 15 డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగుతుంది. దాని వెంట ఐదు ఫ్యాన్లు గుయ్యిమని లేచి పడుకుంటుంటే పక్క గదిలో చదువుకునే పిల్లలు కూడా లేస్తారు. ఆటలు ఆడే కంప్యూటర్లో క్యాబినెట్‌ని ఎక్కువగా కాచేది గ్రాఫిక్స్ కార్డు. కానీ చాలా బోర్డుల బయాస్‌కి దాని వేడి కనిపించదు. విండోస్‌లో ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాం దాన్ని చదువుతుంది. అందులో మిక్స్ అనే కర్వ్ తీసుకుని, ప్రాసెసర్ కర్వూ గ్రాఫిక్స్ కర్వూ ఇచ్చి, రెంటిలో ఏది ఎక్కువైతే అది అని పెట్టండి. గ్రాఫిక్స్ వేడి 50 దగ్గర 35 శాతం, 65 దగ్గర 50, 75 దగ్గర 70, 83 దగ్గర 90 ఇస్తే ముందు ఫ్యాన్లకి సరిపోతుంది. బయటికి తోసే జట్టుకి ఇదే కర్వ్, 10 శాతం తక్కువ, కానీ మీ కనీస వేగానికి కిందికి పోకుండా.

బయాస్‌లోనే కానివ్వాలంటే ఆధారంగా మదర్‌బోర్డు లేదా సిస్టం సెన్సర్‌ని ఎంచుకోండి. అది నిదానంగా కదులుతుంది: 42కి 35 శాతం, 50కి 50, 58కి 75, 65కి 100. దీనికొక్కదానికే చలికాలపు కర్వ్ వేరుగా కావాలి. గది చల్లగా ఉంటే ఈ సెన్సర్ 42 దాటదు, లోపల గ్రాఫిక్స్ కార్డు ఉడుకుతున్నా ముందు ఫ్యాన్లు కునుకు తీస్తాయి. దీపావళి తర్వాత ఒక్కో అంకెనీ 8 డిగ్రీలు కిందికి దించి, బయాస్ ప్రొఫైల్‌గా విడిగా దాచుకోండి.

ఎగిరిపడే జబ్బుకి మందు: స్టెప్ అప్, స్టెప్ డౌన్ అనో, రెస్పాన్స్ టైం అనో ఉన్న చోట ఎక్కడానికి 3 సెకన్లు, దిగడానికి 10 నుంచి 15 సెకన్లు ఇవ్వండి. ఫ్యాన్‌కంట్రోల్‌లో హిస్టరిసిస్ (వేడి ఇంత మారితేగాని వేగం మార్చకు అనే సెట్టింగు) 3 డిగ్రీలు పెట్టండి.

ఫ్యాన్‌కంట్రోల్ వాడినా బయాస్‌లో కర్వ్ తప్పకుండా ఉండాలి. ప్రోగ్రాం ఆగిపోయినా, విండోస్ అప్‌డేట్ మధ్యలో ఉన్నా అదే దిక్కు. బోర్డు కంపెనీ ఇచ్చే ఫ్యాన్ సాఫ్ట్‌వేర్ కూడా ఉంటే తీసేయండి. ఇద్దరు డ్రైవర్లు ఒకే స్టీరింగు పట్టుకున్నట్టు ఉంటుంది, వేగం అటూ ఇటూ ఊగుతుంది. ఈ ప్రోగ్రాం పాత వెర్షన్లలో సెన్సర్లని చదివే విన్‌రింగ్0 డ్రైవర్‌ని 2025 నుంచి విండోస్ డిఫెండర్ పట్టుకుని పక్కన పెడుతోంది. హఠాత్తుగా సెన్సర్లు మాయమైతే కారణం అదే కావచ్చు, కొత్త వెర్షన్ వేసుకోండి.

చప్పుడు లెక్క

ఫ్యాన్ తోసే గాలి వేగంతో పాటు సమంగా పెరుగుతుంది, చప్పుడు అలా కాదు. 1,200 నుంచి 900 ఆర్‌పీఎంకి దించితే గాలి నాలుగో వంతు తగ్గుతుంది, చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అది చెవికి బాగా తెలిసే తేడా. అదే ఒక ఫ్యాన్ పక్కన అలాంటిదే ఇంకోటి పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే రెండు ఫ్యాన్లు గట్టిగా తిప్పేకన్నా మూడు మెల్లగా తిప్పడం చెవికీ సుఖం, గాలికీ లాభం.

రెండు జట్లు దాదాపు ఒకే వేగంలో, 1,180 ఒకటి, 1,210 ఇంకోటి తిరుగుతుంటే వూం... వూం... అని అలలా మోత వస్తుంది. ఒక జట్టుని 5 శాతం జరపండి, పోతుంది. నాపరాయి బల్ల మీద పెట్టిన క్యాబినెట్ మోగుతుంటే కర్వ్ జోలికి వెళ్లే ముందు రబ్బరు కాళ్లు నాలుగూ ఆనుతున్నాయా చూడండి. బండ కాస్త ఎత్తుపల్లంగా ఉంటే కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టినా చాలు.

ఇప్పుడు అగరుబత్తి

పక్క మూత బిగించి, ఫ్యాన్లు కనీస వేగంలో ఉండగా బత్తిని ముందు జాలీకి జానెడు దూరంలో పట్టుకోండి. పొగ లోపలికి వంగాలి. తర్వాత వెనక, గ్రాఫిక్స్ కార్డు పక్కన ఖాళీ స్లాట్ల సందుల దగ్గర పట్టుకోండి. పొగ బయటికి నెట్టుకుపోతే బాగుంది. సందుల్లోకి దూరుతోందంటే బయటికి తోసే ఫ్యాన్లదే పైచేయి, జాలీ లేని ప్రతి సందు నుంచీ దుమ్ము లాక్కుంటోంది. ముందు జట్టు 5 శాతం పెంచండి, లేదా వెనక జట్టు 5 తగ్గించండి, పొగ దారి మారేదాకా. బూడిద లోపల రాలకుండా చూసుకోండి.

తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ యూనిట్ల దగ్గరివాళ్లకి ఈ పరీక్ష ఒకసారితో అయ్యేది కాదు. రాతి పొడి పిండిలా మెత్తనిది, జాలీ మూసుకుపోయే కొద్దీ లోపలికొచ్చే గాలి తగ్గి లెక్క తిరగబడుతుంది. రెండు వారాలకోసారి జాలీ కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కని వేలితో పట్టుకోండి. వదిలేస్తే ఫ్యాన్ తన హద్దు మించి తిరిగి బేరింగు చెడుతుంది. ఎయిర్ కూలర్ ఉన్న గదిలో దాని గాలి నేరుగా క్యాబినెట్ మీద పడనీయకండి. బోరు నీళ్ల తుంపర ఆరితే తెల్లటి పొర మిగులుతుంది.

తేడా వస్తే

ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని ఆగితే, కూలర్ ఫ్యాన్ వేరే హెడర్‌లో ఉందేమో చూడండి. సరిగ్గానే ఉంటే దాని కనీస వేగం బయాస్ పెట్టుకున్న హద్దుకి కిందుంది. హద్దుని 200 ఆర్‌పీఎంకి దించండి. ఇగ్నోర్ పెట్టకండి, నిజంగా ఫ్యాన్ ఆగినరోజు చెప్పేవాడుండడు.

అన్నీ నిండు వేగంతో తిరుగుతుంటే నాలుగో తీగ ఎక్కడో తెగింది, లేదా హబ్ ప్లగ్గు వదులైంది. పీడబ్ల్యూఎం ఫ్యాన్‌కి సంకేతం అందకపోతే నిండుగా తిరగడమే దాని నియమం.

అదే వేగం, అదే గది, ప్రాసెసర్ మాత్రం పోయిన నెలకన్నా 6 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే కర్వ్ మార్చకండి. దుమ్ము దులపండి, అప్పటికీ తగ్గకపోతే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు మార్చండి.

ఫ్యాన్లన్నీ 100 శాతంలో ఉన్నా హద్దు తాకుతుంటే ఇక ఫ్యాన్ల వల్ల కాదు, చిప్పులు లాగే కరెంటునే తగ్గించాలి. రైజెన్‌లో ఎకో మోడ్, ఇంటెల్‌లో పవర్ లిమిట్ తగ్గించడం, గ్రాఫిక్స్ కార్డుకి పవర్ లిమిట్ 85 శాతం. మూడు నెలలు అలా నడిపి వానలు పడ్డాక తీసేయండి.

రాత్రిపూట గోడ దగ్గర స్విచ్ ఆపేసే అలవాటున్న ఇళ్లలో బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ తొందరగా అరుగుతుంది. అది చచ్చినరోజు గడియారంతో పాటు కర్వులన్నీ పోయి బయాస్ మొదటికొస్తుంది. బయాస్ అప్‌డేట్ చేసినా అంతే. అంతా సర్దాక ప్రతి కర్వ్ తెరనీ ఫోనుతో ఫొటో తీసి, ఆగే అంకెలు రాసుకున్న కాగితాన్ని మడిచి పక్క మూత లోపలివైపు, రెక్కలకి తగలని చోట, టేపుతో అంటించండి.